పాత కారు ఇంటికి తేవడం



ఈ రోజు కారు మాట చెప్తా. కారుతో మనకేం పని అంటారేమో. మన వాయల్పాడు సంఘంలోనే ఒక అక్క అప్పు తీసుకుంది. ఆ డబ్బుతో వాళ్లాయన బెంగళూరులో పాత అంబాసిడర్ కారు కొన్నాడు. ఇంజను కదల్లేదు. జీపుకు మోకు కట్టి ఇంటికి లాక్కొస్తానన్నాడు. వెనక కారులో స్టీరింగు పట్టుకునేది కొడుకు. అప్పు అక్కది, కొడుకు అక్క కొడుకు. ఇంక పని లేదని ఎట్లా అంటాం?

అంబాసిడర్ కార్లను పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో చేసేవాళ్లు. 2014లో ఆగిపోయింది. అది గట్టి బండి. బరువు టన్నుకు పైమాటే. అంత బరువు ఒక మోకు మీద ఆధారపడి రావాలి.

1989లో చేసిన రోడ్డు నియమాల్లో దీని గురించి రాశారు. రెండు బండ్ల నడుమ దూరం 5 మీటర్లు దాటకూడదని అందులో ఉండేది. అంటే మన చీర పొడవు కన్నా కొంచెం తక్కువ. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదని ఉండేది. వెనక కారులో లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలని ఉండేది. కారు వెనక తెల్ల పలక మీద నల్లగా, మూడు అంగుళాల ఎత్తున 'ఆన్ టో' అని రాయాలని ఉండేది. అంటే 'లాగుతున్న బండి' అని. 2017లో డ్రైవింగు నియమాలను మళ్లీ కొత్తగా రాశారు.

అక్క పలక తీసుకుని లెక్క వేసింది. బెంగళూరు నుంచి చింతామణి, మదనపల్లె మీదుగా మన ఊరికి సుమారు 140 కిలోమీటర్లు. గంటకు 24 చొప్పున ఎక్కడా ఆగకుండా వచ్చినా ఆరు గంటలు. అంతసేపూ ఆ పిల్లోడు ముందు బండి బ్రేకు మీదనే చూపు పెట్టాలి. మోకు వదులైతే జర్కు కొడుతుంది. తెగితే కొరడా మాదిరి వచ్చి తగులుతుంది. అందుకే లాగేటప్పుడు మోకు దగ్గర ఎవరూ నిలబడకూడదు. దాన్ని బంపరుకు కట్టకూడదు, కింద గట్టి కొక్కేనికే కట్టాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. తాళంచెవి తీస్తే కొన్ని కార్లలో స్టీరింగు బిగుసుకుంటుంది. కొత్త రకం కార్లలో ఇంజను ఆగితే బ్రేకు కూడా రాయి మాదిరి అవుతుంది.

తిరుపతి వైపు అయితే భాకరాపేట కనుమ ఉంది. ఎక్కేటప్పుడు మోకు తెగితే కారు వెనక్కి జారుతుంది. దిగేటప్పుడు వెనక కారు ముందు బండిని గుద్దుతుంది. నన్నడిగితే మోకు పని దగ్గరి మెకానిక్ షెడ్డు దాకానే.

"ఏమయ్యా, బండ్లు ఎక్కించుకునే లారీ మాట్లాడు" అంది అక్క.

"బాడుగ ఎక్కువడుగుతారే!"

"నాలుగు కంతులు ఎక్కువ కడతా. పిల్లోణ్ని మోకుకు కట్టి పంపను."

కారు లారీ మీదనే వచ్చింది.

ఆడవాళ్లకు బండ్ల సంగతేం తెలుసు అనేవాళ్లకు ఒక మాట చెప్పండి. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె, భర్త చేసిన కారును ఆయనకు చెప్పకుండా బయటికి తీసింది. ఇద్దరు కొడుకులతో సుమారు 100 కిలోమీటర్లు పోయింది. గొట్టంలో మడ్డి అడ్డం పడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. మిట్టల్లో కారును తోయాల్సి వచ్చింది. కారు నూనె మందుల అంగడిలో కొన్నది!

ఇంక కాగితాలు. లారీ దిగినాక అక్క ఆర్సీ పట్టుకుని కారు ముందర నిలబడింది. ఛాసిస్ నంబరు ఒక్కో అంకె వేలు పెట్టి చదివింది. సరిపోయింది. కానీ గడువు తేదీ దాటిపోయింది. సొంత కారుకు మొదటి ఆర్సీ 15 ఏళ్లే. తర్వాత బండి చూపించి, 5 ఏళ్లకోసారి మళ్లీ రాయించుకోవాలి. ఈ తేదీ సంగతి బేరానికి ముందే చూసుంటే ధర తగ్గేది.

పక్క రాష్ట్రం బండి కాబట్టి అక్కడి ఆఫీసు నుంచి 'అభ్యంతరం లేదు' అనే కాగితం కావాలి. దానికి ఫారం 28. పేరు మారడానికి ఫారం 29, ఫారం 30. కొన్న 30 రోజుల్లోపల ఆఫీసులో తెలపాలి. ఇన్సూరెన్సు లేకుండా రోడ్డెక్కకూడదు.

ఎల్లుండి కేంద్రానికి ఆ మూడు ఫారాలూ తెస్తా. అక్క కూడా ఆర్సీ తెస్తానంది. మీ ఇంట్లో స్కూటరో, ఆటోనో ఉంటే దాని ఆర్సీ తీసుకురండి. గడువు తేదీ యాడ రాసుంటుందో వెతుకుదాం.