పక్షవాతం ఆడవాళ్లకి రాదా?



పక్షవాతం అనగానే మనకి మగవాళ్లే గుర్తొస్తారు. తాగేవాళ్లకి, కోపిష్టివాళ్లకి వచ్చే జబ్బు అనుకుంటాం. నిజమే, మగవాళ్లకి కాస్త ముందు వస్తుంది. మనకి ఆలస్యంగా వస్తుంది. రాకుండా మాత్రం పోదు.

మీ గొంతుకి ఒక పక్కన రెండు వేళ్లు మెల్లగా ఆనించండి. గట్టిగా నొక్కకండి. టక్ టక్ మని కొట్టుకుంటోందా? అది మెడనాళం. తలకి రక్తం తీసుకెళ్తుంది. రెండో పక్కన ఇంకొకటి ఉంది.

మన చేలకి నీరు ఎలా వస్తుంది? ధవళేశ్వరం ఆనకట్ట నుంచి పెద్ద కాలవ. దాన్నుంచి పిల్లకాలవ. ఆ తర్వాత బోదె. కాలవలో పూడిక పడితే చివరి చేను ఎండిపోతుంది. మెడనాళంలోనూ అంతే. లోపలి గోడకి కొవ్వు, సున్నం పేరుకుంటాయి. ఆ పూడిక మీద రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి పైకి పోయి, మెదడులో సన్న నాళానికి అడ్డం పడుతుంది. ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. చాలామందికి మాట కూడా పోతుంది.

రష్యా నాయకుడు లెనిన్ 1922లో ఇలాగే పడిపోయారు. 1924లో, 53 ఏళ్లకే చనిపోయారు. తర్వాత డాక్టర్లు కోసి చూస్తే ఎడమ మెడనాళం ఇంచుమించు పూడుకుపోయి ఉంది.

ఆడవాళ్ల మెడనాళం మగవాళ్లకంటే సన్నం. ముట్లు వచ్చినన్నాళ్లు ఒంట్లో ఒక హార్మోను కొంత కాపు కాస్తుంది. ముట్లు ఆగాక ఆ కాపు తగ్గుతుంది. బీపీ పెరుగుతుంది.

మగవాళ్లకి లేని ముప్పు ఇంకొకటి ఉంది. కడుపుతో ఉన్నప్పుడు మీకు బీపీ వచ్చిందా? గుర్రపువాతం వచ్చిందా? కాన్పు అయిపోయింది కదా అని మర్చిపోతాం. అలాంటివారికి తర్వాతి కాలంలో పక్షవాతం ముప్పు ఎక్కువ. ఆ బిడ్డకి పెళ్లయిపోయినా సరే, డాక్టరుగారికి ఆ సంగతి చెప్పండి. గర్భం రాకుండా బిళ్లలు వాడేవారు బీపీ ఉన్నా, చుట్ట అలవాటున్నా నర్సమ్మకి దాచకండి.

ఇక గుర్తులు. మూతి వంకర పోతుంది. చెయ్యి ఎత్తితే వాలిపోతుంది. మాట ముద్దగా వస్తుంది. ఒక కంటికి తెర పడినట్టు చీకటవుతుంది. ఒక్కోసారి పది నిమిషాల్లో అన్నీ సర్దుకుంటాయి. "గాలి సోకింది, పోయిందిలే" అని మళ్లీ పొయ్యి దగ్గర కూర్చుంటాం. అదే ప్రమాదం! అది ముందుగా కొట్టిన గంట. అసలు దెబ్బ రెండు రోజుల్లోనే రావచ్చు. తగ్గినా సరే, ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి.

గడ్డని కరిగించే సూది మందు ఉంది. నాలుగున్నర గంటల లోపే వెయ్యాలి. ముందు తల స్కానింగు తియ్యాలి. కొందరికి గడ్డ కాదు, నాళమే చిట్లుతుంది. అది స్కానింగులోనే తెలుస్తుంది. అందుకే ఇంట్లో ఏ బిళ్లా వెయ్యకండి. నోట్లో నీళ్లు పొయ్యకండి. పావురం రక్తం రాస్తూ కూర్చోకండి. కాకినాడ పెద్దాస్పత్రి మనకి సుమారు 30 కిలోమీటర్లు. 108కి ఫోన్ చెయ్యండి. మగవాళ్లు వేట నుంచి వచ్చేదాకా ఆగితే ఆ గంటలు కాస్తా ఇంట్లోనే అయిపోతాయి. మావగారికి నొప్పొస్తే ఆటో పిలుస్తాం. మనకొస్తే మాత్రం అన్నం వండాక చూద్దాం అంటాం. ఇదెక్కడి న్యాయమండీ?

మెడనాళం పూడిక తీసే ఆపరేషను కూడా ఉంది. అందరికీ అక్కర్లేదు. నాళం సగం పైన పూడితే మగవాళ్లకి అది పనికొస్తుంది. ఆడవాళ్లకి ముఖ్యంగా బాగా ఇరుకైనప్పుడే మేలు. డాక్టరుగారే చెప్పాలి.

మన చేతిలో ఉన్నది బీపీ. చీటీ మీద రెండు అంకెలు రాస్తారు. మీరిప్పుడు అంకెలు చదవగలరు కదా! పైన 140 గానీ, కింద 90 గానీ దాటితే మళ్లీ చూపించుకోవాలి. మందు రాస్తే తలనొప్పి లేకపోయినా రోజూ వేసుకోవాలి. ఎండుచేప, ఆవకాయ తగ్గించాలి.

వచ్చే వారం మన సెంటరుకి నర్సమ్మ బీపీ చూడ్డానికి వస్తారు. చుట్ట కాల్చే అమ్మమ్మలు ఆ పూట కాల్చకుండా రండి. కాల్చి వస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది.