శింశుపావృక్షము మీది వేగులవాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. పగలు చిట్టా ఆవర్జాలతోను, రాత్రి పుస్తకములతోను కాలము గడపువాడను. ప్రాచీన కావ్యములతో నాకు కలిగిన కొద్దిపాటి పరిచయము ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద కలిగినదే. కావున ఋణస్థుడనై యీ వేదిక యెక్కితిని.

మన గ్రంథాలయములో ముందుగా అట్టలు చినుగు పుస్తకము లేవియో మీరెరుగుదురు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ కథలు, మధుబాబుగారి షాడో నవలలు. ఆటోనగరు షెడ్లలో పనిచేయు మన కుర్రవాండ్రు సాయంకాలము చేతుల గ్రీజు కడుగుకొని వచ్చి వీనినే అడుగుదురు. అది చూచి కొందరు పెద్దలు ముఖము చిట్లింతురు. నేను చిట్లింపను. శత్రువుల కోటలో చిక్కిన స్త్రీ, రహస్యముగా లోపలికి చొచ్చిన వేగులవాడు, దగ్గరపడుచున్న గడువు, దూరమైన ప్రియుని కొరకు నిరీక్షణ, ఈ సామగ్రి నిన్నటిది కాదు. సుందరకాండము తెరచి చూడుడు.

ఆ కాండము పేరు చెప్పగానే మనకు సముద్రలంఘనమును, లంకాదహనమును స్ఫురించును. నాకు మాత్రము దాని ప్రాణమంతయు అశోకవనమున ఒక చెట్టుకొమ్మ మీద నున్నట్లు తోచును.

రావణుడు తెల్లవారుజామున వచ్చి, రెండు నెలల గడువు చెప్పి, సీతను బెదరించిపోయెను. రాక్షసస్త్రీలు చంపి తినెదమనిరి. ఆమె తన జడతోనే ఉరి వేసికొన దలచినది. ఇదంతయు హనుమంతుడు ఆకుల చాటున నుండి చూచుచునే యుండెను. నూరు యోజనముల సముద్రమును దాటినవానికి ఆ కొమ్మ దిగుట యొక పనియా? అయినను దిగలేదు. సంస్కృతమున పలికినచో రావణుడే యని భయపడునేమో, ఉలికిపడి కేక వేసినచో కావలివారు మేల్కొని కార్యము చెడునేమో యని తర్కించుకొనెను. తుదకు చెట్టుమీద నుండియే, ఆమె చెవికి మాత్రము వినబడునట్లు, రామకథను మెల్లగా చెప్పెను.

అంతటితో ఆమె నమ్మినదా? లేదు. అతడు దిగి దగ్గరకు రాగానే మరల అనుమానించినది. ఇందు ఆశ్చర్యమేమి? రావణుడు పంచవటికి సన్న్యాసి వేషముననే వచ్చెను, తీయగానే పలికెను. మంచిమాటతో మోసపోయినవారికి మంచిమాటయే భయకారణమగును. ఈ సంగతి వాల్మీకి మహర్షికి తెలిసినంతగా మనకు తెలియదు.

హనుమంతుడు నొచ్చుకొనలేదు. “నీకొరకు సముద్రము దాటి వచ్చితినే, నన్నా అనుమానించుట?” అని నిలదీయలేదు. ఆమె అడిగిన ఆనవాళ్లన్నియు ఓర్పుతో చెప్పెను. ఉంగరము మొదటినుండియు తనయొద్దనే యున్నను, దానిని పిమ్మటనే యిచ్చెను. ఉంగరము దొంగిలించినవాని చేతిలోనైనను ఉండవచ్చును గదా!

తరువాత “నా వీపుమీద తీసికొనిపోయెద” ననెను. ఆమె వలదనినది, కారణములు చెప్పినది. ఆ మాట యుక్తమని అతడు అంగీకరించి, ఆమె యిచ్చిన చూడామణిని మాత్రము తీసికొని మరలెను.

ఈ ఘట్టమును పలుమార్లు చదివియు, నేను దీనిని చాలకాలము గ్రహింపలేదు. నా తప్పొకటి సభాముఖమున చెప్పుకొందును.

కొన్నేండ్ల క్రిందట ఒక ఆడపడుచు అత్తవారింట దెబ్బలు తిని పుట్టింటికి చేరినది. మధ్యాహ్నములందు ఇచ్చటికి వచ్చి, వాకిలి కనబడునట్లు గోడకు వీపు ఆనించి కూర్చుండి చదువుకొనెడిది. నేను మేలు చేయుదునను తలంపుతో ఒకనాడు ఎదుట నిలిచి, “అసలేం జరిగిందమ్మా? చెప్పు, పెద్దమనుషుల్లో పెట్టిస్తాను” అంటిని. లెక్కలవాడను, అడిగినదానికి వెంటనే జవాబు రావలెనను అలవాటు. ఆమె పుస్తకము మూసి వెడలిపోయినది. మూడు నెలలు మరల రాలేదు.

మన గ్రంథపాలకురాలు నన్నొక మాటయు ననలేదు. సగము చదివిన ఆ పుస్తకములో కాగితపు ముక్క నుంచి విడిగా దాచి, ఒక పిల్లవానిచే కబురంపినది: “పుస్తకం మీ పేరనే ఉంది. తొందరేమీ లేదు.” ఆమె వచ్చినది. ఎవరును ప్రశ్నింపలేదు.

ఒక వానకాలపు దినమున ఆమెయే నాయొద్దకు వచ్చి, గృహహింస చట్టములో నేమున్నదో చదివి చెప్పుమన్నది. 2005లో వచ్చిన ఆ చట్టమును కూర్చుండి చదివితిమి. కొట్టినవానిని దూరముగా నుంచుటకు రక్షణ ఉత్తరువు కోరవచ్చును. కాపురమున్న యింట నివసించు హక్కు కలదు. ఖర్చులకు సొమ్ము అడుగవచ్చును. 181 అను సంఖ్యకు ఫోను చేసి సహాయము పొందవచ్చును. నేను ఉత్సాహపడి, “నేనే దగ్గరుండి కేసు వేయిస్తాను” అంటిని. ఆమె, “వద్దు బాబాయిగారూ, నేనే వెళతాను. మీరు కాగితం సరిచూసిపెట్టండి, చాలు” అన్నది.

హనుమంతుని వీపు నెక్కనని సీత యేల చెప్పెనో, అతడేల తలవంచెనో, నాకు ఆనాడు బోధపడినది. కాగితము సరిచూచి యిచ్చితిని. అంతవరకే నా పని.

ఆమె యిప్పుడు ఆటోనగరులో లారీ బాడీలు కట్టు ఒక షెడ్డులో జమాఖర్చులు వ్రాయుచున్నది. ఆమె పద్దులు నేను దిద్దవలసిన పని లేదు.

కార్యవర్గమువారికి నా విన్నపమొక్కటి. ఈ రజతోత్సవ సందర్భమున కొత్త బీరువాలు కొనుడు, రంగులు వేయింపుడు. కాని వాకిలికి ఎదురుగా గోడప్రక్కనున్న ఆ పాత కుర్చీని మాత్రము కదలింపకుడు. ఎవరైనను వచ్చి కూర్చుందురు. వారు తమంత తాము పలుకరించువరకు పుస్తకమిచ్చి ఊరకుండుడు.

సెలవు.