పెరుగులోని మంచి బ్యాక్టీరియా పొట్టలో బతుకుతుందా?

"రోజూ పెరుగన్నం తింటున్నాం కదండీ, మంచి బ్యాక్టీరియాకి లోటేముంది?" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ బ్యాక్టీరియా లోపలికి వెళ్ళాక ఎంతవరకు బతుకుతుంది, మనకి ఏం చేసి పెడుతుంది అన్నది ఈ రోజు తెలుసుకుందాం.

ముందు జీర్ణాశయంలో యాసిడ్ ఉంటుంది. అది దాటితే చిన్నప్రేగు మొదట్లో పైత్యరసం ఉంటుంది. పాలను తోడుకునేలా చేసే బ్యాక్టీరియాలో చాలా భాగం ఈ రెండు గండాలు దాటలేదు. దాటినవి కూడా పెద్దప్రేగులో కాపురం పెట్టవు, కొద్ది రోజుల్లో మలంతో పాటు బయటికి పోతాయి.

మరి పెరుగు తిని లాభమేంటి? పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ లాక్టేజ్. పెద్దయ్యాక చాలామందిలో ఇది తగ్గిపోతుంది. అందుకే కొందరికి గ్లాసు పాలు తాగితే గ్యాసు, కడుపుబ్బరం, విరేచనాలు. అదే మనిషికి పెరుగు పడుతుంది, గమనించారా? ఎందుకంటే పెరుగు బ్యాక్టీరియా తన కణంలో అలాంటి ఎంజైమ్‌నే మోసుకెళ్తుంది. కణం గోడ దాన్ని యాసిడ్ నుంచి కాపాడుతుంది. చిన్నప్రేగులో పైత్యరసం తగిలి ఆ గోడ దెబ్బతిన్నప్పుడు ఎంజైమ్ లాక్టోజ్‌ని విడగొడుతుంది. అంటే ఆ బ్యాక్టీరియా చస్తూ కూడా మనకి మేలు చేస్తుందన్నమాట. కానీ మజ్జిగ పులుసు బాగా మరిగిస్తే ఆ బ్యాక్టీరియా, ఎంజైమ్ రెండూ పోతాయి. ఈ లాభం కావాలంటే పచ్చి పెరుగు, పచ్చి మజ్జిగే తీసుకోవాలి.

ఇక పెద్దప్రేగులో ఎప్పటినుంచో ఉంటున్న బ్యాక్టీరియా సంగతి. పీచుని అరిగించే ఎంజైములు మన శరీరానికి లేవు, వాటికి ఉన్నాయి. బ్యాక్టీరాయిడీస్ థీటయొటామైక్రాన్ అనే ఒక్క జాతిలోనే ఇలా పిండిపదార్థాలను, పీచుని విడగొట్టే ఎంజైముల జన్యువులు 200కి పైగా ఉన్నాయి. అవి పీచుని పులియబెట్టినప్పుడు బ్యుటిరేట్ తయారవుతుంది. పెద్దప్రేగు లోపలి పొర కణాలకి సుమారు 70 శాతం శక్తి దీన్నుంచే వస్తుంది.

పీచు అందకపోతే ఏమవుతుంది? 2016లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, మేత లేని బ్యాక్టీరియా ప్రేగు గోడకి రక్షణగా ఉండే జిగురు పొరనే తినడం మొదలుపెట్టింది. మూడుపూటలా తెల్లన్నం, ఇడ్లీ, మైదా పరోటాలే తింటే మన బ్యాక్టీరియాకి మిగిలే పీచెంత?

అందుకని గోరుచిక్కుడు, తోటకూర, పొట్టు పెసలు, సెనగలు, జొన్నరొట్టె, జామకాయ రోజూ ఏదో ఒక పూట ఉండేలా చూసుకోండి. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్న మజ్జిగతో తినే చద్దన్నం కూడా మంచిదే. అన్నం చల్లారితే అందులో కొంత పిండిపదార్థం అరగకుండా పెద్దప్రేగు దాకా వెళ్ళి వాటికి మేతవుతుంది.

ఇంకో మాట. జలుబు చేయగానే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోకండి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మాత్ర దాన్ని ఏమీ చేయలేదు, లోపలున్న మంచి బ్యాక్టీరియాని మాత్రం చంపుతుంది. డాక్టరు పరీక్షించి రాస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ తప్పక వాడండి.

పెరుగు మానొద్దు, కానీ పెరుగుతోనే పని అయిపోయిందనుకోవద్దు. లోపలున్న వాటికి పీచు పెట్టండి.