పిట్టలదొర చెప్పిన పాఠం

ఉద్యోగ జ్ఞాపకాలు చెప్పమంటే పిట్టలదొర గురించి చెబుతానేమిటని మా ఇంటావిడకు కోపం. అయినా చెబుతాను.

పిట్టలదొర మనందరికీ తెలిసినవాడే. తుపాకి రాముడనీ, లత్కోరు సాబనీ కూడా అంటాము. పాత ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. దొరల వేషమే, కొలతలే కుదరవు. చాప్లిన్ 1914లో బిగుతు కోటు, వదులు ప్యాంటుతో తెరమీదికి వచ్చి లోకాన్ని నవ్వించాడు. మనవాడికి అంత ఖర్చు కూడా లేదు.

1982లో కోరుట్లలో గుమాస్తాగా ఉన్నాను. ఒక పిట్టలదొర ఆఫీసులోకి వచ్చి, ఒట్టి కాళ్లతోనే ఠపీమని సెల్యూట్ కొట్టి, నా బల్లమీది ఫైళ్లకు తుపాకి గురిపెట్టాడు. "దొరా! గీ గుట్ట మా తాత జాగీరు. ఇండ్ల పులి పండుకున్నది. బయట గా అవ్వ దాన్ని లేపనీకి ఎనిమిది నెలల సంది తిరుగుతున్నది" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ చెవులు కాలిపోయాయి. అది ఆమె వృద్ధాప్య పింఛను దరఖాస్తు. లోపలికి రాకముందే మెట్లమీద ఆమెతో మాట్లాడి వచ్చాడన్నమాట! ఆ సాయంత్రమే కాగితం పైకి పంపాను.

అప్పటినుంచి ఆ విద్యమీద మోజు పుట్టింది. సిరిసిల్లకు బదిలీ అయ్యాక మరొక ముసలి పిట్టలదొరను బతిమాలుకున్నాను. సాంచాల మోతలో మాట వినపడదు గనుక ఒళ్లే మాట్లాడాలనేవాడు. గురిపెట్టగానే టోపీ జారాలి. అప్పుడు టోపీని కసరాలి గానీ మనం నవ్వకూడదు. గొప్ప చెప్పాక కాసేపు ఊరుకోవాలి, జనం నమ్మబోయేదాకా. పడేటప్పుడు ముందు మోకాళ్లు వంచి పక్కకు కూలబడాలి. చెయ్యి ఆనిస్తే మణికట్టు పోతుంది. నాకు రెండుసార్లు వాచింది.

1986లో జగిత్యాలలో ఉద్యోగుల సభలో వేషం వేశాను. మాటలన్నీ కాగితం మీద రాసుకుని బట్టీపట్టాను. టోపీ బాగానే జారింది. ఇంతలో ముందు వరుసలో ఒక పిల్లవాడు, "సార్, తుపాకీల గుండు ఏది?" అన్నాడు. అది నా కాగితంలో లేదు. నోరు పెగలలేదు. ముందు కాగితం లేనిదే కదలని చెయ్యి కదా మనది! నేను పిలిస్తే వచ్చి వెనక కూర్చున్న ఆ ముసలాయన తరవాత ఒక్కటే అన్నాడు: "పోరడు అన్నం పెడితే తినకుండ లేస్తివి సారూ."

మొన్న సంక్రాంతికి మనవడు అటకమీది కట్టె తుపాకి దింపి, సరిగ్గా అదే ప్రశ్న అడిగాడు. చొక్కా జేబు తడిమాను. లాగు జేబు తడిమాను. కాసేపు ఊరుకున్నాను. తరవాత టోపీ తీసి, తల వంచి నా బట్టతల చూపించాను.

వాడు నవ్వి నవ్వి కిందపడ్డాడు, మోకాళ్లు వంచకుండానే.