గొట్టములోని గంజాయి తైలము

చదువులకై అమెరికాకు వెళ్లిన బిడ్డలు గల తెలుగు కుటుంబములు నేడు వేలకొలదిగా ఉన్నవి. ‘ఇది పొగ కాదు, వట్టి ఆవిరి’ అను మాట ఆ బిడ్డల చెవిని ఎప్పుడో ఒకప్పుడు పడకుండదు. ఆ మాటలోని నిజమెంతయో 2019వ సంవత్సరమున ఆ దేశమునందే వెల్లడియైనది. ఆ వృత్తాంతమును శ్రోతలకు మనవి చేయుదుము.

ఆ ఏటి వేసవిలో విస్కాన్సిన్, ఇల్లినాయి రాష్ట్రముల వైద్యుల యొద్దకు, అంతవరకు ఆరోగ్యముగా నున్న యువకులు ఊపిరాడక రాజొచ్చిరి. దగ్గు, జ్వరము, వాంతులు. చూచుటకు న్యుమోనియావలె నుండెను గాని, పరీక్షలలో సూక్ష్మజీవి ఏదియు చిక్కలేదు. కొందరికి శ్వాసయంత్రము అమర్చవలసి వచ్చెను. 2020 ఫిబ్రవరి నాటికి లెక్కకెక్కిన రోగులు 2,807 మంది. మృతులు 68 మంది. వ్యాధిగ్రస్తులలో హెచ్చుమంది ముప్పదియైదేండ్లు నిండనివారే.

వీరందరును విద్యుత్తుతో వేడెక్కు చిన్న గొట్టముతో ఏదో ద్రవమును పీల్చినవారు. తాము పీల్చినదేదో తెలిపినవారిలో నూటికి 82 మంది గంజాయి సారము గల సరకు వాడినట్లు తేలెను. అందును పెక్కురు దానిని అంగడిలో గాక, స్నేహితుల యొద్దనో చాటు వర్తకుల యొద్దనో సంపాదించినవారు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి కలదు. కొనువారు ఆ గొట్టపు బుడ్డిని తలక్రిందు చేసి, లోని గాలిబుడగ ఎంత మెల్లగా పైకి లేచునో చూతురట. మెల్లగా లేచినచో తైలము చిక్కనిదనియు, చిక్కనిదైనచో స్వచ్ఛమైనదనియు వారి నమ్మకము. పాలలో నీళ్లు పోయువానిని కనిపెట్టుటకు మన గృహిణులు చేయు పరీక్ష వంటిదే ఇదియు. వర్తకులకు ఆ పరీక్ష తెలియనిదా? రంగును చిక్కదనమును చెడనీయక తైలమును పెంచుటకు విటమిన్ ఇ ఎసిటేట్ అను నూనెను కలిపిరి.

పేరు విన్న భయము కలుగదు. చర్మమునకు పూయు లేపనములలోను, మ్రింగు గోళీలలోను ఉండునదే. కాని చర్మము వేరు, కడుపు వేరు, ఊపిరితిత్తి వేరు. 51 మంది రోగుల ఊపిరితిత్తులను ఉప్పునీటితో కడిగి, ఆ నీటిని పరీక్షింపగా 48 మందిలో ఈ నూనె కనబడెను. ఆరోగ్యవంతులైన 99 మందిని అట్లే పరీక్షింపగా ఒక్కరియందును లేదు. దీనిని మిక్కిలి వేడి చేసినచో కీటీన్ అను విషవాయువు పుట్టగలదని ప్రయోగశాలలందు కనుగొనిరి.

కల్తీ లేని తైలమైన భయము లేదు గదా యని అడుగువారు గలరు. మేము అట్లు తలపము. గంజాయిలో మత్తు కలిగించు పదార్థము టి.హెచ్.సి. అమెరికాలో 1995 ప్రాంతమున పట్టుబడిన ఆకులో అది నూటికి నాలుగు పాళ్లు మాత్రమే. నేటి తైలములలో అరువది పాళ్లు మించియు ఉండుట కలదు. పది పాళ్లకు మించిన గంజాయిని ప్రతిదినము వాడువారికి చిత్తభ్రమ కలుగు అవకాశము, ఎన్నడును ముట్టనివారికంటె సుమారు ఐదు రెట్లని 2019లో ఐరోపా దేశములలో జరిగిన పరిశోధన ప్రకటించెను. మరికొందరు చిరకాలము వాడి వాడి, వాంతులు ఆగక, వేడినీటి స్నానము చేసినంతసేపే ఉపశమనము పొందుదురు. మూలకారణము తెలియక వారు ఆసుపత్రులు మారుచుందురు.

ఊపిరితిత్తుల విషయమున చికిత్స లేకపోలేదు. స్టీరాయిడ్ మందులతో అనేకులు కోలుకొనిరి. అయితే వైద్యునకు నిజము చెప్పవలెను గదా! ‘సిగరెట్టు కాల్చుదువా’ అని అడిగినచో ‘లేదు’ అనుట అబద్ధము కాదని కుర్రవాడు తలంచును. తండ్రి ప్రక్కన నిలిచియున్నచో సరేసరి. ఇట్టి రోగిని ప్రశ్నించునపుడు ఇతరులను గదినుండి పంపివేయుట మంచిదని మా అభిప్రాయము. ఇంటికి పంపిన తరువాత కొందరికి వ్యాధి తిరుగబెట్టి, మరణించుటయు సంభవించెను. అందుచేతనే, విడుదలయైన నలువది యెనిమిది గంటలలోగా రోగిని మరల పరీక్షింపవలెనని ఆ దేశపు వ్యాధినివారణ సంస్థ వైద్యులకు సూచించినది.