లైను అంటే ఏ లైను?

(గోల్‌బజార్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాష గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. సిగ్నల్స్‌లో ఇరవై నాలుగేళ్ళు తీగలు లాగినవాణ్ణి. అందుచేత నాలుగు మాటలు కాదు, నాకు బాగా తెలిసిన ఒకే ఒక్క మాట తీసుకుంటాను. అది ఇంగ్లీషు మాటే. కాని మా అమ్మ మాత్రం అది అచ్చ తెలుగనే అనుకునేది. ఆ మాట ‘లైను’.

నేను పుట్టి పెరిగింది ఈ గోల్‌బజార్ పక్కనున్న రైల్వే క్వార్టర్లలోనే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి పనికి వచ్చిన వాళ్ళలో మా తాతగారొకరు. ఆయన వర్క్‌షాపు మనిషి. మా నాన్నగారు గూడ్సు గార్డు. (2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. నాన్న ఉంటే మీసం తిప్పేవారు!) ఎవరైనా వచ్చి “గార్డు గారున్నారా?” అంటే అమ్మ “లైనుకెళ్ళారు” అనేది. ఆయన వెంట వెళ్ళే ఇనప పెట్టె పేరు లైన్ బాక్సు. జెండాలు, దీపం, రూల్సు పుస్తకం అన్నీ అందులోనే.

ఇక బజారుకొస్తే, రేషను షాపు ముందు మనుషుల లైను. కుళాయి దగ్గర బిందెల లైను. కరెంటు పోతే లైన్‌మన్. ట్రంకాల్ బుక్ చేసి గంటసేపు కూర్చుంటే ‘లైను దొరకలేదు’. పక్కింటి కుర్రాడు ఎదురింటి అమ్మాయికి ‘లైనేస్తున్నాడు’ అని తెలిస్తే వాళ్ళ నాన్న కర్ర తీసేవాడు. ఆ కుర్రాడే నాలుగేళ్ళకు ఉద్యోగంలో చేరితే, అందరూ సంతోషించి ‘లైన్లో పడ్డాడు’ అన్నారు. ఎదురింటి వాళ్ళతో సహా!

ఇన్ని అర్థాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మూలం చూస్తే చాలా చిన్నది. లాటిన్‌లో ‘లీనుం’ అంటే అవిసె మొక్క. దాని నారతో నేసిన బట్ట లినెన్, పేనిన తాడు లైను. కోటుకి లోపల వేసే లైనింగు కూడా ఆ ఇంటి బిడ్డే. తాపీమేస్త్రీ గోడకి ముందు కట్టే దారం, మనం బట్టలారేసే తాడు – ఇవి ఇప్పటికీ ఆ మొదటి అర్థంలోనే ఉన్నాయి. దారం బిగించి పట్టుకుంటే గీత. గీత వెంట మనుషుల్ని నిలబెడితే వరస. వరస సాగిపోతే దారి. ఆ దారే బతుకుతెరువైతే, “తమరిది ఏ లైనండీ?”

మన ఫౌజులో చేరిన మొదటి రోజే చెవిన పడే కేక ‘లైన్ బన్’. చెమటలు కక్కాక అమృతంలా వినిపించేది ‘లైన్ తోడ్’. జవాన్లుండే బారకులూ లైన్లే. మా సిగ్నల్స్ వాళ్ళకి లైనంటే భుజం మీద మోసే కేబులు. నేవీ సోదరులకి తాడూ లైనే, భూమధ్యరేఖా లైనే. మొదటిసారి ఆ రేఖ దాటిన కుర్రాణ్ణి ఓడ మీద ఎలా ఆటపట్టిస్తారో వాళ్ళనడగండి. ఎయిర్‌ఫోర్సు వాళ్ళకి విమానాలు నిలబెట్టి సిద్ధం చేసే చోటు. కలైకుండాలో పనిచేసిన వారికి నేను చెప్పేదేముంది!

ఆఫీసుల్లో రోజూ వినే ‘డెడ్‌లైన్’ కూడా సైనికుల మాటే. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, ఆండర్సన్‌విల్ ఖైదీల శిబిరంలో కంచె లోపల ఒక హద్దు ఉండేది. అది దాటిన ఖైదీని కాల్చేసేవారు. అంచేత అది నిజంగానే చావు గీత.

ఇంతవరకూ సరదాగా చెప్పాను. ఇక అసలు సంగతి.

1999 వేసవి. కార్గిల్ యుద్ధం జరుగుతోంది. నేను మాత్రం జబల్పూరులో క్షేమంగా ఉన్నాను. ఒక సాయంత్రం గోల్‌బజార్‌లో మాకు తెలిసిన ఫోను బూతుకి చేసి అమ్మని పిలిపించాను. అంతా గరగర శబ్దం. “ఎక్కడున్నావు బాబూ?” అంది. “లైన్లోనే ఉన్నానమ్మా, బాగున్నాను” అన్నాను. బారకులోనే ఉన్నానని నా భావం. అంతలో ఫోను తెగిపోయింది. అమ్మ రోజూ టీవీలో ‘లైన్ ఆఫ్ కంట్రోల్’ అని వింటోంది. నా కొడుకు ఆ లైను మీదున్నాడనుకుంది. తొమ్మిది రోజుల తర్వాత నా ఉత్తరం చేరేదాకా సరిగ్గా అన్నం తినలేదట.

సెలవుకొచ్చాక నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడిగారు. “లైనన్నావు, బాగానే ఉంది. ఏటి లైనో చెప్పావా?” అని. తర్వాత ఆయనే వివరించారు. రైల్వేలో లైనుందని బండి కదలదు. ‘లైన్ క్లియర్’ కావాలి. సింగిల్ లైను మీద స్టేషను మాస్టరు ముందు స్టేషనుని అడుగుతాడు. చెప్పింది మళ్ళీ చెప్పించుకుంటారు, ప్రైవేటు నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. అవతలివాడు ఒప్పుకుంటేనే యంత్రంలోంచి టోకెను గుండు బయటికొస్తుంది. ఆ గుండు డ్రైవరు చేతిలో ఉన్నంతసేపూ ఆ సెక్షనుకి ఇంకో గుండు బయటికి రాదు. “నువ్వు మీ అమ్మకి లైనిచ్చావు గాని, క్లియర్ ఇవ్వలేదురా” అన్నారు.

నాకు సిగ్గేసింది. ఎందుకంటే మా సిగ్నల్స్‌లో నేర్పేదీ అదే. రేడియోలో వినపడకపోతే ‘రిపీట్’ అనకూడదు, ‘సే అగెయిన్’ అనాలి. ఫిరంగుల వాళ్ళ వాడుకలో ‘రిపీట్’ అంటే మళ్ళీ కాల్చమని!

అమ్మ పోగొట్టుకున్నది తొమ్మిది రోజుల అన్నం, నిద్ర. ఇంకా పెద్ద మూల్యం ఉంది. 1949లో కరాచీలో కుదిరిన ఒప్పందంలో కాల్పుల విరమణ రేఖను ఎన్‌జే 9842 అనే స్థానం దాకా వివరంగా రాశారు. ఆ పైన, ఉత్తరంగా హిమానీనదాల దాకా అని వదిలేశారు. 1972 సిమ్లా ఒప్పందం తర్వాత ఏర్పడిన నియంత్రణ రేఖా ఆ స్థానం దగ్గరే ఆగింది. ఆ మాటలను మనం ఒకలా చదివాం, అవతలివాళ్ళు ఇంకొకలా గీసుకున్నారు. 1984 ఏప్రిల్లో ఆపరేషన్ మేఘదూత్‌తో మన జవాన్లు సియాచెన్ ఎక్కారు. అక్కడ తూటాలకన్నా చలికి, మంచుచరియలకే ఎక్కువమంది బలయ్యారు. కారణం ఒక్క వాక్యమేనని నేననను. కాని ఆ వాక్యం అసంపూర్తిగా ఉండటం మాత్రం నిజం.

ఇంట్లో మాటకి పది అర్థాలుంటే అందం, నవ్వుకుంటాం. డ్యూటీలో మాటకి ఒక్క అర్థమే ఉండాలి. దూరాన్నుంచి ఇంటికి చేసే ఫోను కూడా డ్యూటీ కిందే లెక్క. ఇప్పటి తల్లులు సెల్‌ఫోనులో ‘ఆన్‌లైన్’ అని కనిపిస్తే కొడుకు క్షేమమని ఊపిరి పీల్చుకుంటున్నారు. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి నా మనవి, అంతటితో వదిలెయ్యకండి. సిగ్నలు అందని చోటికి వెళ్ళే ముందు, ఇన్ని రోజులు మాట్లాడలేనని విడమరచి చెప్పి వెళ్ళండి. ఎక్కడికన్నది చెప్పకూడదు, నాకూ తెలుసు. మౌనం మామూలేనని చెప్పడానికి ఏ నిషేధమూ లేదు.

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ తర్వాత నేను చేసిన ప్రతి ఫోనులోనూ ముందు అడిగింది ఒకటే – “ఏ లైను బాబూ?”

 ఇక లైన్ తోడ్! జై హింద్.