ఒకే నిర్ణయం, మూడు పరీక్షలు

పట్టభద్రులారా! 

ధర్మపురి జిల్లాలో తమిళం పక్కనే తెలుగు, కన్నడం వినిపిస్తాయి. రేపు ఇక్కడి అమ్మాయి ఒక పరికరాన్ని కనిపెట్టి పేటెంట్ కోరితే, ఆ దరఖాస్తు చెన్నై గిండీలోని పేటెంట్ కార్యాలయానికి వెళ్తుంది. హైదరాబాదు మందుల కంపెనీ దరఖాస్తూ, విజయవాడ ఇంజనీరు దరఖాస్తూ చేరేది అక్కడికే. అక్కడ పడే సంతకం ఒక ఆవిష్కరణపై ఇరవై ఏళ్ల హక్కును ఇస్తుంది, లేదా నిరాకరిస్తుంది. అంత బరువైన సంతకాన్ని ఎవరు ప్రశ్నించవచ్చు, ఎక్కడ ప్రశ్నించవచ్చు?

దీనికి గ్లివెక్ కథను మించిన పాఠం మన దేశంలో లేదు.

గ్లివెక్ ఒక రకం రక్త క్యాన్సర్‌కు మందు. అందులోని ఇమాటినిబ్ మెసిలేట్ అనే పదార్థపు బీటా స్ఫటిక రూపానికి పేటెంట్ కోరుతూ స్విట్జర్లాండ్ కంపెనీ నోవార్టిస్ 1998లో చెన్నైలో దరఖాస్తు పెట్టింది. మందులకు ఉత్పత్తి పేటెంట్లు ఇవ్వని కాలమది. 2005లో చట్టం మారాకే ఆ దరఖాస్తు పరిశీలనకు వచ్చింది. అప్పటికి గ్లివెక్ నెల ఖర్చు దాదాపు రూ.1,20,000. దేశీయ కంపెనీల మందు అందులో పదో వంతు కూడా ఉండేది కాదు.

పేటెంట్ మంజూరు కాకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పే హక్కును సెక్షన్ 25(1) ఇచ్చింది. ఎవరైనా అంటే నిజంగా ఎవరైనా. అలా అయిదు అభ్యంతరాలు వచ్చాయి. హైదరాబాదు నుంచి నాట్కో, హెటెరో. వాటితోపాటు సిప్లా, రాన్‌బాక్సీ. అయిదోది కంపెనీ కాదు, క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ అనే రోగుల సహాయ సంఘం. 2006 జనవరిలో చెన్నై అసిస్టెంట్ కంట్రోలర్ దరఖాస్తును తిరస్కరించారు. ఇది ముందే తెలిసిన పదార్థమని, ఇందులో ఆవిష్కరణ దశ, అంటే ఆ రంగం తెలిసినవారికి ఇట్టే తట్టని ముందడుగు, లేదని, సెక్షన్ 3(డి) కూడా అడ్డు వస్తుందని ఆయన రాశారు. తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇస్తే చాలదు, దాని సామర్థ్యం పెరిగిందని చూపాలి అంటుంది ఆ సెక్షన్.

నోవార్టిస్ మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. సెక్షన్ 3(డి) రాజ్యాంగానికే విరుద్ధమన్న వాదనను జస్టిస్ ఆర్.బాలసుబ్రమణియన్, జస్టిస్ ప్రభా శ్రీదేవన్‌ల ధర్మాసనం 2007 ఆగస్టు 6న కొట్టివేసింది. పేటెంట్ తిరస్కరణపై అప్పీలు చెన్నై కేంద్రంగా ఉన్న మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డుకు బదిలీ అయింది.

2009 జూన్‌లో బోర్డు ఏం చెప్పిందో జాగ్రత్తగా గమనించాలి. ఈ రూపం కొత్తదేనని, ఆవిష్కరణ దశ కూడా ఉందని ఒప్పుకుంది. అంటే కింది అధికారి చెప్పిన రెండు ముఖ్య కారణాలనూ తోసిపుచ్చింది. అయినా 3(డి) కారణంగా పేటెంట్ ఇవ్వలేదు. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2013 ఏప్రిల్ 1న జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ తీర్పు ఇచ్చారు. ఇమాటినిబ్ మెసిలేట్ పాత పేటెంటు ద్వారా తెలిసిందేనని, మందు విషయంలో సామర్థ్యం అంటే రోగాన్ని నయం చేసే సామర్థ్యమేనని స్పష్టం చేశారు. నిల్వకు, తయారీకి పనికొచ్చే లక్షణాలు అందుకు చాలవు. శరీరానికి 30 శాతం ఎక్కువగా అందుతుందన్న వాదన ఉన్నా, దానివల్ల చికిత్స మెరుగుపడిందన్న రుజువు లేదు.

పేటెంట్ కార్యాలయం, అప్పిలేట్ బోర్డు, సుప్రీంకోర్టు, మూడు చోట్లా పేటెంట్ రాలేదు. కానీ మూడు చోట్లా కారణాలు ఒకటి కావు. పై మెట్టు కింది మెట్టు మాటను అప్పజెప్పలేదు, దాన్ని విప్పి చూసింది. అప్పీలు విలువ ఇక్కడ ఉంది. ఈ ప్రయాణంలో సామర్థ్యం అనే మాటకు దేశమంతటికీ వర్తించే అర్థం స్థిరపడింది.

నాట్కోదే మరో కథ. బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సావర్ నెలకు రూ.2,80,428 ఉండగా, దాదాపు రూ.8,800కి ఇస్తామంటూ నాట్కో నిర్బంధ లైసెన్సు, అంటే పేటెంట్ యజమాని ఒప్పుకోకున్నా తయారీకి అనుమతి, కోరింది. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ మంజూరు చేశారు. అప్పటికి అప్పిలేట్ బోర్డు అధ్యక్షురాలు ప్రభా శ్రీదేవనే. 2013 మార్చిలో బోర్డు ఆ లైసెన్సును సమర్థించింది, కానీ బేయర్‌కు చెల్లించాల్సిన రాయల్టీని 6 నుంచి 7 శాతానికి పెంచింది. బాంబే హైకోర్టు 2014 జులైలో అదే నిలబెట్టింది. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. గెలిచినవాడు గెలిచాడు, ఓడినవాడికి దక్కాల్సిన న్యాయమూ దక్కింది.

మన వేప కూడా ఇలాంటి మెట్లు ఎక్కింది. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై ఇచ్చిన పేటెంట్‌ను యూరోపియన్ పేటెంట్ కార్యాలయం 2000లో రద్దు చేసింది. దానిపై అప్పీలు 2005లో వీగిపోయింది.

చెన్నైలోని అప్పిలేట్ బోర్డు ఇప్పుడు లేదు. 2021లో కేంద్రం దాన్ని రద్దు చేసింది. కంట్రోలర్ నిర్ణయంపై అప్పీళ్లు ఇక నేరుగా హైకోర్టుకే. గడువు మూడు నెలలు. మద్రాసు హైకోర్టులో వీటికోసం ప్రత్యేక మేధో సంపత్తి విభాగం ఏర్పడింది. పేటెంట్ మంజూరైన సంగతి ప్రచురితమైన ఏడాదిలోపు, అందులో ప్రయోజనం ఉన్నవారు మళ్లీ అభ్యంతరం చెప్పవచ్చు.

అభ్యంతరాలు, అప్పీళ్లు రాసే ఈ పనికి మనుషులు కావాలి. సైన్సు, ఇంజనీరింగ్, టెక్నాలజీ పట్టా ఉండి 21 ఏళ్లు నిండిన భారత పౌరులు అర్హత పరీక్ష నెగ్గితే పేటెంట్ ఏజెంటుగా నమోదు కావచ్చు. స్ఫటికం గురించి చదివినవారే స్ఫటికం మీద అభ్యంతరాన్ని గట్టిగా రాయగలరు. మీలో కొందరైనా ఆ పరీక్ష రాయండి. గ్లివెక్ తీర్పును పూర్తిగా చదవండి. ఈ జిల్లా రైతుకో, చిన్న పరిశ్రమకో పేటెంట్ చిక్కు వస్తే గడువు దాటకముందే కాగితం సిద్ధం చేసి ఇవ్వండి. ఆ చదువు మీ చేతికి వచ్చింది.